పని తీరిన ఫిరంగి పడవలు

యుద్ధనౌక తొలిసారి నీట దిగు దినమున ఉత్సవము జరుగును. కొబ్బరికాయలు కొట్టుదురు, వాద్యములు మ్రోగును, అమాత్యులు ఉపన్యసింతురు, పత్రికలు ఛాయాచిత్రములను ప్రకటించును. ముప్పది నలువది సంవత్సరములు గడచిన పిమ్మట ఆ నౌకయే పని తీరి జెండా దించుకొను దినమున రేవునందు నిలుచువారు కొలదిమంది మాత్రమే. ఆపైని దాని గతి యేమయ్యెనని విచారించువారు మరింత అరుదు. తుక్కు ఇనుము వర్తకుల వేలముపాటయే పెక్కు నౌకలకు తుది మజిలీ. మహాసముద్రములపై తిరిగిన పెద్ద నౌకల సంగతియే యిట్లుండగా, నదులలో తిరుగుచు ఆయువు గడపిన చిన్న ఫిరంగి పడవలను, తుపాకులు మోసిన పొగయోడలను తలచువా రెవరు? అయినను, ఒక జాతి తన స్వాతంత్ర్యమును ఎట్లు పోగొట్టుకొనెనో, మరల ఎట్లు సంపాదించుకొనెనో తెలిసికొన గోరువారికి ఆ చిన్న పడవలు చెప్పు కథను మహానౌకలు చెప్పజాలవు. అందుచేతనే ఈ విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

సముద్రము అందరకును ఉమ్మడి బాట. నది యట్టిది కాదు. అది ఇంటి పెరడు. సముద్రమున పరదేశపు యుద్ధనౌక కనబడినచో దారిన పోవువాడు పోవుచున్నాడని ఊరకుండవచ్చును. నదిలో కనబడినచో గోడ దూకి పెరటిలోనికి వచ్చినాడనియే అర్థము. రాజమహేంద్రవరము రేవున పరదేశీయుల ఫిరంగి పడవ లంగరు వేసి, దాని ఫిరంగి గొట్టమును ఊరి వైపునకు త్రిప్పి నిలిపి, స్నానమునకు వచ్చిన వారిని, సరకు దింపు కూలీలను, బళ్లు తోలుకొని పోవు రైతులను దినదినమును చూచుచుండినచో మన కెట్లుండునో ఊహించుకొనుడు. అట్టి స్థితిని చీనా ప్రజలు ఒకటి రెండు దినములు కాదు, ఎనుబది యేండ్లకు పైగా అనుభవించిరి.

ఈ దుష్ప్రయోగమునకు తొలి పాఠశాల మన తూర్పు సముద్రపు తీరములే యను సంగతి మనము మరువరాదు. ఆంగ్లేయులు యుద్ధమున వినియోగించిన మొట్టమొదటి పొగయోడ ‘డయానా’. అది కలకత్తాలో కిద్దర్‌పూరు రేవున నిర్మింపబడి 1823లో నీట దిగినది. మరుసటి యేడే దానిని బర్మాకు గొనిపోయిరి. ఐరావతి నదిలో ప్రవాహమున కెదురుగ, గాలితో పని లేకుండ పోగల ఆ పడవను బర్మావారి తెడ్ల పడవలు తప్పించుకొనజాలకపోయెను. 1826లో యాందబో సంధితో బర్మా తన సముద్రతీరములో పెద్దభాగమును కోల్పోయినది. ఆ యుద్ధమున పోరాడిన సిపాయిలలో మద్రాసు సైన్యమువారు వేలకొలది. వారిలో తెలుగువారు ఎందరో కలరు.

పదునైదేండ్లు గడచునప్పటికి ఆ పడవ పెరిగి ‘నెమెసిస్’ అయినది. ఈస్టిండియా కంపెనీవారు బర్కెన్‌హెడ్‌లో ఇనుముతో కట్టించిన ఈ పొగయోడ ఆరడుగుల నీటిలో కూడ నడువగలదు. సముద్రమును దాటివచ్చి నదిలోనికి చొరబడి ఊళ్ల నడుమకు పోవుటకు అంతకంటె అనువైన సాధన మేమున్నది? 1841 జనవరి 7వ తేదీన కాంటన్ నదీముఖమున చువెన్‌పీ కోటయొద్ద ఆ ఒక్క ఓడ చేసిన విధ్వంసము చీనా ప్రభుత్వమును నివ్వెరపరచినది. ఆ యుద్ధ మెందులకు? నల్లమందు అమ్మకమునకు. ఆ నల్లమందు ఎక్కడిది? మన దేశపు పొలములలో మన రైతులచే పండింపబడినది. అక్కడ పోరాడినవా రెవరు? ఆంగ్లేయులతోపాటు మన మద్రాసు సిపాయిలు. అదే యేట మే నెలలో కాంటను శివారున సన్‌యువాన్‌లీ గ్రామమున రైతులు తిరుగబడగా, కుండపోత వానలో తుపాకులు తడిసి ప్రేలక, వారి నడుమ చిక్కుకొన్నది 37వ మద్రాసు దేశీయ పదాతిదళమునకు చెందిన ఒక పటాలమే. ఒక దాస్యమున నున్న రైతు బిడ్డ మరియొక రైతు బిడ్డపై తుపాకి ఎక్కుపెట్టిన ఆ దృశ్యమును తలచినప్పుడు తలవంచుకొనక తప్పదు. చీనా నదులలోని ఫిరంగి పడవల చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు. అందు మన పంట కలదు, మన రక్తము కలదు, మన బానిసత్వమును కలదు.

1842లో నాన్‌కింగ్ నగరము నెదుట యాంగ్‌ట్సీ నదిలో నిలిచిన ‘కారన్‌వాలిస్’ అను ఆంగ్ల యుద్ధనౌకపై సంధిపత్రము వ్రాయబడినది. చీనా దేశపు నడిబొడ్డున, పరదేశపు ఓడపై, చీనా ప్రతినిధులు చేవ్రాలు చేసిరి! 1858 నాటి తియన్‌సిన్ సంధులతో యాంగ్‌ట్సీ నది పరదేశ వర్తకమునకు తెరువబడినది. పరదేశ యుద్ధనౌకలు రేవులకు వచ్చిపోవుటకును అనుమతి లభించినది. ఇక ఆంగ్లేయులు, ఫ్రెంచివారు, అమెరికావారు, జపానువారు తమ తమ ఫిరంగి పడవలను ఆ నదిలో నిలిపిరి. సముద్రమునుండి 600 మైళ్ల లోపలనున్న హాంకౌ నగరమును దాటి, కొండ లోయలను దాటి, చుంగ్‌కింగ్ వరకును అవి పోయెడివి. వర్తకపు స్టీమర్లకు కూడ ఫిరంగులు బిగించి యుద్ధమునకు దింపిన ఘట్టములు లేకపోలేదు. 1926 సెప్టెంబరు 5వ తేదీన వాన్‌షియన్ పట్టణముపై గుండ్లు కురిపించిన వానిలో ‘కాక్‌చేఫర్’, ‘విజియన్’ అను ఫిరంగి పడవలతోపాటు ‘కియావో’ అను ఆయుధములు దాల్చిన వర్తకపు స్టీమరు కూడ కలదు. ఆంగ్ల నావికులు ఏడుగురు మడిసిరి. ఊరిలో మడిసిన చీనా పౌరు లెందరో లెక్కకు కూడ సరిగా రాలేదు. సామ్రాజ్యపు లెక్కల పుస్తకములలో పాలకుల ప్రాణములకు అంకెలుండును. పాలితుల ప్రాణములకు ‘పెక్కుమంది’ యను మాటయే చాలును.

ఇట్టి నదిలో చీనా జాతి తనదని చెప్పుకొనగలిగిన చిన్న ఫిరంగి పడవ యొకటి యుండెను. దాని చరిత్రను వివరించుటయే మా ముఖ్యోద్దేశము.

1910లో చీనా చక్రవర్తి ప్రభుత్వము నౌకాదళమును పునరుద్ధరింపనెంచి జపానులో రెండు ఫిరంగి పడవలకు ఉత్తరువు లిచ్చినది. అందొకటి నాగసాకిలోని మిత్సుబిషి కార్ఖానాలో తయారైనది. దాని పేరు ‘యుంగ్‌ఫెంగ్’. బరువు సుమారు 780 టన్నులు. పొడవు 62 మీటర్లు. వేగము గంటకు పదమూడున్నర నాట్లు. నేటి యుద్ధనౌకల ముందు పిల్ల వంటిది. కాని ఉత్తరు విచ్చిన ప్రభుత్వము ఓడ వచ్చునంతవరకు బ్రదికియుండలేదు. 1912లో చక్రవర్తి సింహాసనము నుండి తొలగెను. 1913లో ఓడను స్వీకరించినది రిపబ్లికు. ఒక రాజ్యము గర్భమున పడి మరియొక రాజ్యమున పుట్టిన శిశువు ఈ పడవ.

ఆ దినములలో చీనా రిపబ్లికు పేరునకు మాత్రమే రిపబ్లికు. సేనానులు తలకొక రాష్ట్రమును పంచుకొని పాలించుచుండిరి. పార్లమెంటు రద్దయినది. 1917లో రాజ్యాంగ సంరక్షణోద్యమమును లేవదీసి సన్ యట్ సేన్ కాంటనునకు పోయినప్పుడు నౌకాదళములో కొంత భాగము ఆయన పక్షమున దక్షిణమునకు తరలెను. అందు యుంగ్‌ఫెంగ్ ఒకటి. ఐదేండ్లకు ఆ పడవ చరిత్రకెక్కు ఘడియ వచ్చినది. 1922 జూన్ 16వ తేదీ తెల్లవారుజామున, తన చేతిక్రింది సేనాని చెన్ చియుంగ్ మింగ్ పక్షపు సైనికులే సన్ యట్ సేన్ నివాసముపై పడిరి. ఆయన మారువేషమున తప్పించుకొని నదిని చేరి నౌకల నాశ్రయించెను. భార్య సుంగ్ చింగ్ లింగ్ గుండ్ల వాన నడుమ వేరుగ బయటపడెను. జాతిపితకు భూమిపై కాలు మోప చోటు లేక, ఒక చిన్న ఫిరంగి పడవ రాజధాని అయినది. జూలై 10వ తేదీన శత్రువుల కోటనుండి గుండ్లు కురియుచుండ, దెబ్బలు తినుచునే ఆ పడవలు కోటను దాటి నగరము ఎదుటికి వచ్చి నిలిచెను. ఏబది దినములకు పైగా సన్ యట్ సేన్ నదిపైనే నిలిచెను. ఆ సమయముననే చియాంగ్ కై షేక్ వచ్చి ఆయనతో చేరి ఆయన విశ్వాసమునకు పాత్రు డయ్యెను. సహాయము రాదని నిశ్చయమైన పిమ్మట, ఆగస్టు 9వ తేదీన సన్ యట్ సేన్ కాంటను విడిచెను.

ఇచ్చట చరిత్ర యొక్క వక్రోక్తిని గమనింపవలయును. ఆయన యుంగ్‌ఫెంగ్ నుండి దిగి హాంకాంగునకు పోయినది ‘మూర్‌హెన్’ అను ఆంగ్లేయుల ఫిరంగి పడవపై! పరదేశపు ఫిరంగి పడవలను తన నదులనుండి వెడలగొట్టవలెనని జీవితమంతయు పోరాడిన నాయకునికి ప్రాణరక్షణకు పరదేశపు ఫిరంగి పడవయే దిక్కయినది. ఇంట కలహము కలిగినప్పుడు పెరటిలోని పరాయివాడే పెద్దమనిషి యగును. ఈ నీతి చీనావారి కొక్కరికే కాదు.

1924 నవంబరులో సన్ యట్ సేన్ జాతీయ ఐక్యతను గూర్చి చర్చించుటకు ఉత్తరమునకు బయలుదేరినప్పుడు మరల ఆ పడవపైనే కాంటను విడిచెను. అది ఆయనకు కడపటి ప్రయాణము. 1925 మార్చి 12వ తేదీన ఆయన పెకింగులో మరణించెను. మరుసటి నెలలో ఆ పడవకు ఆయన పేరు పెట్టి ‘చుంగ్‌షాన్’ అని వ్యవహరించిరి.

కాని పేరు మారినంతమాత్రమున ఓడ పవిత్ర మగునా? ఒక్క యేడు గడచెనో లేదో, 1926 మార్చి 20వ తేదీన ఆ ఓడ కదలికలను సాకుగ గొని చియాంగ్ కై షేక్ దాని అధికారియైన కమ్యూనిస్టు లీ చిలుంగ్‌ను నిర్బంధించి, కాంటనులో సైనికశాసనము విధించెను. ‘చుంగ్‌షాన్ సంఘటన’ యని చరిత్రకారులు వ్యవహరించునది ఇదియే. మరుసటి యేట ఆ రెండు పక్షముల నడుమ ప్రవహించిన రక్తనదికి ఇది తొలి ఊట. సన్ యట్ సేన్ ప్రాణములు కాచిన ఓడయే, ఆయన శిష్యులు పరస్పరము గొంతులు పట్టుకొనుటకు నెపమైనది.

పిదప జపాను దండయాత్ర వచ్చినది. 1938 శరత్కాలమునకు షాంఘై పోయినది, నాన్‌కింగ్ పోయినది, వూహాన్ నగరము పోవుటకు సిద్ధముగ నున్నది. చుంగ్‌షాన్ పాతికేండ్ల ముసలి పడవ. దాని పెద్ద ఫిరంగులను అంతకుముందే ఊడదీసి నదీరక్షణకై ఒడ్డున నిలిపియుండిరి. అక్టోబరు 24వ తేదీన వూహానునకు ఎగువ జిన్‌కౌ యొద్ద అది కాపలా తిరుగుచుండగా జపాను విమానములు ఆరు దానిపై బాంబులు విడిచెను. మిగిలిన చిన్న ఫిరంగులతో నావికులు ఎదురు కాల్పులు జరిపిరి. అధికారి సా షిజున్‌కు కాలు తెగిపడినను ఓడ విడువనని పట్టుబట్టెను. సహచరులు ఆయనను బలవంతముగ చిన్న పడవలోనికి దింపగా, ఆ పడవపై కూడ విమానములు గుండ్లు కురిపించెను. ఆయనతో కూడ 25 మంది ప్రాణము లర్పించిరి. ఓడ యాంగ్‌ట్సీ అడుగునకు చేరెను. నాగసాకిలో జపానువారి చేతులతో తయారైన ఓడ జపానువారి చేతులతోనే మునిగెను. పరాయివాని కొలిమిలో కాచిన కత్తి ఎంత పదునైనను, అతని కొలిమి చల్లారనంతవరకు దానిపై భరోసా ఎంతటిది?

పరదేశపు ఫిరంగి పడవల యుగము కూడ అచ్చటనే కూలుట ఆరంభించెను. 1937 డిసెంబరు 12వ తేదీన నాన్‌కింగ్ యొద్ద అమెరికావారి ‘పనాయ్’ను జపాను విమానములు ముంచెను. 1943లో బ్రిటను, అమెరికా తమ యుద్ధనౌకలకు చీనా జలములలో గల ప్రత్యేక హక్కులను ఒప్పందముల మూలమున వదలుకొనెను. అయినను అలవాటు త్వరగా పోదు. 1949 ఏప్రిలులో ఆంగ్ల యుద్ధనౌక ‘అమెథిస్ట్’ అంతర్యుద్ధము నడుమ యాంగ్‌ట్సీలోనికి పోయి ఫిరంగి దెబ్బలు తిని, నూరు దినములు చిక్కుపడి, జూలై తుదిని రాత్రివేళ తప్పించుకొని సముద్రమును చేరెను. 1842లో పగటివేళ ఠీవితో వచ్చిన ఆంగ్ల నౌక 1949లో రాత్రివేళ దీపము లార్పుకొని వెడలిపోయెను. 107 సంవత్సరములలో నది తన యజమానిని గుర్తించినది.

చుంగ్‌షాన్ 58 సంవత్సరములు నది యడుగున నిదురించెను. 1997 జనవరి 28వ తేదీన దానిని పైకెత్తిరి. మరమ్మతు చేసి పూర్వరూపమునకు తెచ్చి, 2008లో తాను మునిగిన జిన్‌కౌ సమీపమునకే గొనిపోయి, అచ్చట దానికొక ప్రదర్శనశాలను నిర్మించిరి. చుంగ్‌షాన్ ఏ పార్టీది? చక్రవర్తి ఉత్తరు విచ్చెను, రిపబ్లికు స్వీకరించెను, సన్ యట్ సేన్ ఆశ్రయించెను, చియాంగ్ కై షేక్ వినియోగించుకొనెను, కమ్యూనిస్టు ప్రభుత్వము పైకెత్తెను. అన్ని రాజ్యములును గతించినను, మారినను, ఓడ మాత్రము జాతి సొత్తుగనే నిలిచెను. దానిని పైకెత్తిన ప్రభుత్వము, మునుగునాడు ఆ ఓడపై నెగిరిన జెండా తన శత్రుపక్షపు జెండాయని విచారింపక, ఓడను పైకెత్తినది. ఈ ఔదార్యము మెచ్చదగినది. ఇదే ఔదార్యము ఆ ఓడ యొక్క చరిత్రను చెప్పుటలో కూడ కనబడవలయును. సన్ యట్ సేన్ బస చేసిన గదిని చూపినవారు 1926 నాటి నిర్బంధమును గూర్చియు, ఆంగ్లేయుల పడవపై నిష్క్రమణమును గూర్చియు అంతే స్పష్టముగ చెప్పినప్పుడే ఓడ పూర్తిగ పైకి వచ్చినట్లు.

ఇందుకు సెర్బియా దేశమున నొక చక్కని దృష్టాంతము కలదు. 1914 జూలై 28వ తేదీ రాత్రి దాటి 29వ తేదీ వచ్చునప్పుడు, డాన్యూబు నదిపై ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యపు నదీ యుద్ధనౌక ‘బోద్రోగ్’ తన తోడి పడవలతో వచ్చి బెల్‌గ్రేడు నగరముపై గుండ్లు ప్రయోగించెను. మొదటి ప్రపంచయుద్ధపు తొలి ఫిరంగి మ్రోతలలో నది యొకటి. సామ్రాజ్యము కూలినపుడు ఆ పడవ సెర్బియనుల చేజిక్కి ‘సావా’ యైనది. రెండవ ప్రపంచయుద్ధమున రెండు మారులు దానిని దాని నావికులే ముంచిరి. రెండు మారులును అది పైకి తేబడినది. 1962 వరకు యుగోస్లావియా నౌకాదళమున పనిచేసి, పిమ్మట కంకర మోయు బల్లకట్టుగ బ్రదికినది. తుదకు 2021లో దానిని బాగుచేసి బెల్‌గ్రేడు రేవునందే ప్రదర్శనశాలగా తెరచిరి. తమ నగరమును కాల్చిన ఫిరంగి పడవను ఆ నగరవాసులే భద్రపరచిరి! ఇది అవమానమును పూజించుట కాదు. అవమానమునకు సాక్ష్యమును భద్రపరచుట.

దక్షిణ అమెరికాలో పెరూ ప్రభుత్వము తన నౌకాదళము కొరకు 1860వ దశకమున ఇంగ్లండులో ‘యావరీ’ అను పొగయోడను చేయించి, 2,700లకు పైగా భాగములుగ విడదీయించి, కంచరగాడిదలపై కొండలెక్కించి, 12,500 అడుగుల యెత్తున నున్న టిటికాకా సరస్సునకు చేర్చి, 1870లో నీట దింపెను. బొగ్గు దొరకక లామా పేడను కాల్చి దానిని నడిపిరి. తుప్పు పట్టిన ఆ ఓడను 1987లో అభిమానులు కొని ప్రదర్శనకు యోగ్యముగ బాగుచేసిరి. పరాగ్వే దేశము 1932 మొదలు 1935 వరకు జరిగిన చాకో యుద్ధమున సేనలను మోసిన ‘ఉమైతా’ ఫిరంగి పడవను రాజధానియైన అసున్‌సియోన్ రేవున నిలిపియుంచెను. ఇవి ధనిక దేశములు కావు. అయినను తమ చిన్న ఓడలను కాపాడుకొన్నవి.

మన మేమి చేసితిమి? 1961 మొదలు 1997 వరకు సేవ చేసి, 1971 యుద్ధమున బంగాళాఖాతమును కాచిన ‘విక్రాంత్’ విమానవాహకనౌక ముంబయిలో 2012 వరకు ప్రదర్శనశాలగ నుండి, నిర్వహణకు ధనము లేదనియు, ఓడ శిథిలమైనదనియు కారణములచే వేలమునకు పోయి, 2014లో తుక్కునకు అప్పగింపబడినది. ఆ ఇనుములో కొంత మోటారు సైకిళ్ల నిర్మాణమునకు పోయినదట! మరొక వైపున, మన విశాఖపట్టణపు సముద్రతీరమున ‘కుర్సురా’ జలాంతర్గామి 2001లో పని తీరి, 2002 నుండి ప్రదర్శనశాలగ నిలిచి, లక్షలకొలది పిల్లలకు పెద్దలకు నౌకాదళ జీవితమును చూపుచున్నది. విక్రాంత్ కోల్పోవుటకును కుర్సురా నిలుచుటకును భేద మెక్కడ? ఒకటి మహానౌక, నీటిలో తేలుచున్నది. దాని పోషణభారము అపారము. మరియొకటి చిన్నది, గట్టుపైకి ఎక్కింపబడినది, పట్టణము దానిని తనదిగ భావించినది. చిన్న ఓడను కాపాడుట సాధ్యమను మా వాదమునకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము వలదు.

సత్యమును చెప్పుట మనకును కష్టమే. 1971 డిసెంబరు 10వ తేదీన కలకత్తా రేవు సంస్థకు చెందిన రెండు చిన్న పడవలకు ఫిరంగులు బిగించి ‘పద్మ’, ‘పలాశ్’ అను పేర్లతో బంగ్లాదేశ విమోచన నావికులు ఖుల్నా నదిలో ముందునకు పోవుచుండగా, శత్రువులని భ్రమించి మన విమానములే వానిపై బాంబులు విడిచెను. పలాశ్‌ను విడువక యంత్రశాలయందు నిలిచి పోరాడిన రుహుల్ అమీన్ మరణానంతరము బంగ్లాదేశపు అత్యున్నత వీరపురస్కారమగు ‘బీర్ శ్రేష్ఠ’ను పొందెను. మన విజయగాథలో ఈ పుట కూడ చేరి యుండవలయును. పొరపాటును ఒప్పుకొన్న స్నేహము గట్టిపడును గాని చెడిపోదు.

‘పాత ఇనుముపై ఇంత మమకార మెందులకు? ఆ ధనముతో బడులు కట్టవచ్చును, వైద్యశాలలు నడుపవచ్చును’ అని కొందరు వాదింతురు. ఈ వాదమును మేము తేలికగ త్రోసివేయము. ప్రతి ఓడను నిలుపవలెననుట అవివేకము. ఇనుమును ఉప్పునీరు తినును. నిర్వహణ లేని ప్రదర్శనశాల కొన్నాళ్లకు అపాయకరమైన శిథిల మగును. విక్రాంత్ నేర్పిన పాఠ మదియే. అయితే భూవసతి గల మన చదువరులను ఒక్క ప్రశ్న అడిగెదము. మీ యింటి ఇనుపపెట్టెలో పాత దస్తావేజులు లేవా? తాతలనాటి క్రయపత్రము, తీరిపోయిన తనఖా పత్రము, గెలిచిన దావా తీర్పు, ఓడిపోయిన దావా తీర్పు, అన్నియు అందు కట్టకట్టి యుండును. వాని వలన నేడు పంట పండదు. అయినను వానిని ఎవరును పొయ్యిలో పెట్టరు. ఏలన, పొలము చేజారిన విధమును తిరిగి వచ్చిన విధమును అవియే చెప్పును. రేపు గట్టు తగాదా వచ్చినపుడు నోరు విప్పునవి అవియే. బుద్ధిమంతుడు లాభము తెచ్చిన పత్రముతోపాటు నష్టము తెచ్చిన పత్రమును కూడ దాచుకొనును. నదీ యుద్ధనౌకలు జాతికి అట్టి దస్తావేజులు. చుంగ్‌షాన్ తిరిగి వచ్చిన పొలమునకు క్రయపత్రము. సావా తీరిపోయిన తనఖా.

కావున మేము సూచించున దేమన: ఓడ పని తీరిన పిమ్మట గాక, తీరుటకు కొన్నేండ్ల ముందే దేనిని నిలుపవలయునో, దేనిని వదలవలయునో నౌకాదళమును, రాష్ట్రప్రభుత్వములును, చరిత్రకారులును కూడి నిర్ణయింపవలయును. మహానౌకలపై పట్టుదల మాని, తీరరక్షణ పడవలు, నదులలోను రేవులలోను పనిచేసిన పాత స్టీమర్లు, లాంచీలు మొదలగు చిన్నవానిని ముందుగ ఎన్నుకొనవలయును. వానిని నీటిలో విడువక గట్టునకు చేర్చి, ఒక పట్టణమునకో కళాశాలకో అప్పగించి, పోషణకు శాశ్వతనిధిని ఏర్పరుపవలయును. అన్నిటికంటె ముఖ్యముగ, ఓడ ప్రక్కన నిలుపు ఫలకముపై దాని గెలుపులతోపాటు ఓటములను, పొరపాటులను, అది ఎవరిపై గురిపెట్టబడెనో ఆ సంగతిని కూడ తేట తెలుగున వ్రాయింపవలయును. పొగడ్త మాత్రమే వ్రాసిన ఫలకమును పిల్లవాడు ఒకసారి చదివి మరచును. సత్యమును వ్రాసిన ఫలకము వానిని ఆలోచింపజేయును.

డయానాను కట్టిన చేతులు కలకత్తా కార్మికులవి. నెమెసిస్ తెరచిన రేవులకు పోయిన సరకు మన పొలములది. సన్‌యువాన్‌లీలో వానకు తడిసిన తుపాకులు మోసిన భుజములు మద్రాసు సిపాయిలవి. ఆ పడవ లేవియు నేడు మిగులలేదు. మిగిలియుండినచో మన పిల్లలను వానియొద్దకు గొనిపోయి, ‘దాస్యమున నున్నవాడు తన దాస్యముతో తృప్తి చెందడు, తెలియకయే ఇతరులకు కూడ సంకెలలు మోసికొనిపోవును’ అని చూపగలిగి యుందుము. జరిగినది జరిగినది. ఇకమీదనైనను మన స్వతంత్ర నౌకాదళపు చిన్న ఓడలను, తుప్పు తినకముందే, వేలమునకు పోకముందే కాపాడుకొందుము గాక. నది తన నీటిని నిలుపుకొనజాలదు; తీరమునందలి జనులైనను తమ జ్ఞాపకమును నిలుపుకొనవలయును.